పసుపు ఏరే కన్ను

మంగళవారం, పండుకునే ముందు

పసుపు కొమ్ములు ఏరే మెషీన్‌కు కెమెరా లెన్స్ డిజైన్ చేస్తున్న గదా, అది ఇయ్యాల కుదిరింది. ఇన్ని దినాలు సాఫ్ట్‌వేర్‌ల ఎన్నిసార్లు నడిపినా బొమ్మ నడుమ సాఫ్‌గ, అంచులు మసకగ వస్తుండె. పొద్దుగాల లెక్కల పసుపు రంగు వెలుగుకు వెయిట్ పెంచి, అద్దాల నడుమ సందు ఎంతుండాల్నో సాఫ్ట్‌వేర్‌కే ఇడిసిపెట్టిన. చాయ్ తాగొచ్చేసరికి ఎర్రర్ బాగ దిగింది, అంచులు గూడ సాఫయినయి. ఇగ మూలకున్న పుచ్చు కొమ్ము సుత దొరుకుతది. ఫైల్ ఆఫీసుకు పంపిన. ఖుషీ మాత్రం కాలె.

మాపటికి అవ్వ మార్కెట్ యార్డు నుంచి వచ్చింది. నేను పుట్టకముందు నుంచి ఆమె పసుపు ఏరే కూలికే పోతది. చేతులు కడుక్కుంట అన్నది: "మెషీన్ కన్ను నా కొడుకే చేస్తుండని నాతోటి కూలోళ్లందరికి చెప్పిన. ఇగ కండ్లు గుంజుడు తప్పుతదని ఒక్కటే సంబురపడ్డరు. దాని పక్కన ఎంతమందిని కూసోవెడ్తరు రా?"

ఒక్కర్ని సుత పెట్టరని నాకెరుకే.

"లెన్స్ ఇంక కాలేదవ్వా" అన్న.

నా కంచంల అన్నం పెట్టుకుంట అవ్వ అన్నది, "నిమ్మలంగ చెయ్యి బిడ్డా. మేమేడికి పోతం."