దండెం మీద ‘తెలుపు–9’

ఓసిమో,
అక్టోబరు 1997

నా బంగారు లావీనియాకు,

నిన్న రేడియోలో నువ్వన్నది తప్పు. మీ తాత ఆ బొమ్మకు వాడిన గుడ్డ బాంబులకు కూలిన ఆసుపత్రిలో దొరకలేదు. నా కిందనుంచి లాక్కున్నాడు.

అది మా అమ్మ నాకు సారెలో పెట్టిన నారదుప్పటి. ఆయన చట్రం వెనక్కి మడిచి మేకులు కొట్టిన అంచున, ఎర్రదారంతో నా పేరు పొడి అక్షరాలున్నాయి. యుద్ధం ముగిసిన మూడో చలికాలం, మీ నాన్నకంటే ముందు, నాకొక ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. మంత్రసాని జెలిందా నెత్తుటి మరకైన దుప్పటిని బకెట్లో ముంచబోతుంటే మీ తాత గుమ్మంలోకి వచ్చాడు.

“నీళ్లు తగలనివ్వకు.”

“ఇది ఉతికే గుడ్డ మేష్టారూ, బొమ్మలేసే గుడ్డ కాదు.”

“అదెల్మో, పాపను చూశావా?” అన్నాను మంచం మీంచి.

“ఉండవే, వెలుతురు పోతోంది.”

బాప్తిస్మం లేని పిల్ల కనుక శ్మశానం గోడ అవతల పూడ్చమన్నాడు ఫాదరు. మీ తాత రాలేదు. గుడ్డకు పూసిన జిగురు ఆరాలట. ఒక్క గీతైనా గీయకుండా ‘తెలుపు–9’ అని పేరు రాసి సంతకం పెట్టాడు. ఆ మరక గాయపడ్డ ఇటలీ నేల అని నీ పుస్తకంలో రాశావు. ఇటలీ ఆ రోజు మా ఇంటికి రాలేదమ్మా. వచ్చింది జెలిందా ఒక్కతే.

ఇన్నాళ్లూ చెప్పలేదేమని అడగకు. కుందేలు కూర వడ్డిస్తూ ఒక విమర్శకుడికి చెప్పాను. “ఎంత గొప్ప ఉపమానం, సిన్యోరా” అని మరికాస్త పులుసు వేయించుకున్నాడు.

గురువారం బొమ్మ కోసం మ్యూజియం లారీ రానక్కర్లేదు. సారెలోని మంచి దుప్పటిని మనవైపు రెండు పనులకు దాస్తారని నీకు తెలుసు: కాన్పుకు, శవం కింద పరచడానికి. మొదటిది అయింది. రెండోది నాకు క్రిస్మస్ దాటదంటున్నాడు డాక్టరు. అందుకే మేకులు పీకి వేడినీళ్లలో నానబెట్టాను. అంత గొప్ప కళా గంటలో వదిలింది. బూడిదనీళ్లలో ఉడకబెడితే మరక చాలావరకు పోయింది. నీ పుస్తకం అట్టమీది బొమ్మ ఇప్పుడు పెరట్లో దండెం మీద ఆరుతోంది. ఏడవకు. నీ దగ్గర దాని ఫోటోలున్నాయి. నా పిల్లకు అదీ లేదు.

ఆదివారం వచ్చేటప్పుడు గంజిపొడి పొట్లం ఒకటి తీసుకురా. ఇక్కడి కొట్లోది ఉండ కడుతోంది.

మీ నానమ్మ,
ఎర్సీలియా