ఎతేరి పెళ్ళి బాన

మార్చి 4

చిరంజీవి బద్రికి, మేనమామ అంబ్రోసి ఆశీస్సులు.

ఇక్కడి వేడినీళ్ళ వైద్యంలో నా మోకాళ్ళు ఉడుకుతున్నాయి గానీ నొప్పి తగ్గడం లేదు. నేనొచ్చేదాకా ఇల్లు నీది. పెరట్లో ద్రాక్షతీగలు నలభై ఉన్నాయి. కొమ్మకి రెండేసి చిగురు కళ్ళు వదిలి మిగతాది కత్తిరించెయ్. నేలలో పాతిన బాన జోలికి మాత్రం వెళ్ళకు. అందులోని వైన్ జూన్‌లో నా కూతురు ఎతేరి పెళ్ళికి. మూత మీది మట్టి చెదిరిందో, నీ తోలు వలుస్తాను.

మీ మావయ్య

తా.క. అతిథులొస్తే అలమరలో సీసా ఉంది. అందులోంచి పొయ్యి.

మార్చి 15

పూజ్యులైన మావయ్యకి, బద్రి నమస్కారాలు.

తీగలు కత్తిరించాను. కోసిన చోటల్లా నీళ్ళు కారుతున్నాయి. ఆసుపత్రిలో కట్లు కట్టిన అనుభవం ఊరికే పోలేదు, నలభైకీ కట్లు కట్టేశాను. గుడ్డ చాలక అత్తయ్య మేజోళ్ళు కూడా వాడాను.

నిన్న పెళ్ళికొడుకు తండ్రి ఓతార్ గారొచ్చారు. చూస్తే సీసా ఖాళీ. (నేనే. చలేసింది.) కాబోయే వియ్యంకుణ్ణి గొంతు తడపకుండా పంపిస్తే నీ పరువేం కాను? బాన తెరిచి ఒక్కటంటే ఒక్క కూజా తీశాను.

మీ బద్రి

తా.క. మట్టి మళ్ళీ మెత్తేశాను. చూస్తే తెలీదు.

మార్చి 20

ఒరేయ్ బద్రీ,

ఈసారికి ఆశీస్సులు లేవు. వసంతంలో కోస్తే ద్రాక్ష ఏడుస్తుందిరా, ఏడవనీ! కట్లు విప్పు. బాన తెరిచి వెలితిగా వదిలేస్తే వైన్ గాలి తగిలి పులిసి చస్తుంది. వెంటనే గాజు జాడీల్లో అంచుదాకా పోసి బిగించు. సంగతి వాకిలి దాటనివ్వకు.

నీ ఖర్మకి మావయ్య

తా.క. ఓతార్ రుచి ఎలా ఉందన్నాడు?

మార్చి 23

పూజ్యులైన మావయ్యకి,

నీ జవాబింకా రాలేదు. బాన సంగతి అనుమానమొచ్చి పక్కింటి షక్రో తాతనడిగాను. "తెరిచిన బానని అట్లా వదుల్తార్రా ఎవరైనా? ఖాళీ చెయ్యాలి!" అన్నాడు. సాయానికి ఊరంతటినీ పిలిచాడు. పాపం, నిన్నటి నుంచీ కష్టపడుతున్నారు. గ్లాసులెత్తించే తమాదా ఓతార్ గారే. మొదటి గ్లాసు దేశానికి, రెండోది పోయినవాళ్ళకి, పదకొండోది నీ ఎడమ మోకాలికి, పన్నెండోది కుడిదానికి.

మీ బద్రి

తా.క. ఇంకా సగం ఉంది. కంగారుపడకు.

మార్చి 28

బద్రీ, ఆపించరా!

కొట్లో సీసాలు కొని పెళ్ళిలో పోస్తే ఊళ్ళో తలెత్తుకోగలనా? ఒక్కగానొక్క కూతురి పెళ్ళిలో నా వైన్ నా చేత్తో పొయ్యాలనే కదా ఈ మోకాళ్ళు అరగదీసుకుంది! శుక్రవారం బస్సుకొస్తున్నాను.

అంబ్రోసి

తా.క. గొడ్డలి ఎక్కడుందో వెతికి పెట్టు.

మార్చి 31

మావయ్యా,

నెమ్మదిగా రా. చెప్పడానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదు. మూడోరోజు పట్నం నుంచి ఎతేరి వచ్చింది, వెనకాలే పెళ్ళికొడుకూ వచ్చాడు. ఓతార్ గారు గ్లాసెత్తి, "పెళ్ళి వైన్ తాగేశాం. చుట్టాలంతా ఇక్కడే ఉన్నారు. పెళ్ళిళ్ళ రిజిస్ట్రారు కూడా బల్ల కిందే ఉన్నాడు. ఇంకా జూన్ దేనికయ్యా?" అన్నారు. పెళ్ళయిపోయింది. నీకు టెలిగ్రాం ఇద్దామంటే పోస్టుమాస్టరు మన బల్ల దగ్గర్నుంచి లేవలేకపోయాడు. పెళ్ళికూతురి తండ్రి పేరు చెప్పి గ్లాసెత్తినప్పుడు మాత్రం ఆయనతో సహా అందరూ లేచి నిలబడ్డారు. ఎతేరి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మీ బద్రి

తా.క. రుచి అడిగావు కదా. ఇంత మంచి వైన్ మన కఖేతి సీమలోనే పుట్టలేదని అందరిదీ ఒకటే మాట. ఊళ్ళో తాగనిది నువ్వొక్కడివే.