పళ్ళు కుదిరేదాకా

ఎల్కో, ఆగస్టు

ప్రియమైన బెన్యాట్,

ఎలియాస్ రేపు కంచరగాడిదల మీద సామాను వేసుకుని నువ్వు మంద కాసే కొండకు వస్తున్నాడు. అందుకే గబగబా రాస్తున్నాను. ట్రక్కు ఇంటికొచ్చింది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ చక్రాల్ని తిప్పే డిఫరెన్షియల్‌లో కొత్త గేర్లు వేశాడు నీ తమ్ముడు ఆర్నో. తాళాలిస్తూ పాఠం చెప్పాడు.

"వదినా, కొత్త గేర్ల పళ్ళు ఒకదానికొకటి అలవాటు పడాలి. ఇరవై మైళ్ళు మెల్లగా పోనియ్యి, ఆపు, చల్లారనియ్యి, మళ్ళీ పోనియ్యి. ఐదువందల మైళ్ళు తిరిగేదాకా వెనక ట్రైలర్ తగిలించావంటే మళ్ళీ నా గడప తొక్కకు. పోయినేడు కొత్త గేర్లు వేయించుకున్న రోజే అన్నయ్య గడ్డి లోడు లాగి వాటిని ఎలా మాడ్చాడో చూశావుగా!"

చూడకేం. పగలంతా మోటెల్లో పక్కలు మార్చి, సాయంత్రం దీన్ని తిప్పుతున్నాను. నడుము పడిపోతోంది. నువ్వు తొందరపెడతావని తెలుసు. పెట్టకు.

నీ గ్రాక్సి

*

కొండ మీద నుంచి

ప్రియమైన గ్రాక్సి,

నేనేం తొందరపెట్టను. ఆర్నో చెప్పినట్టే చెయ్యి. ఐదువందలంటే ఐదువందలే, ఒక్క మైలు కూడా తగ్గించకు. మంచు పడేదాకా నాకు ట్రక్కుతో పని లేదు. మంద బాగుంది, గొర్రెపిల్లలు బలిశాయి. కుక్క నా కంటే బాగా కాస్తోంది. నువ్వు నన్ను చూడ్డానికని ఇంత దూరం రావద్దు. అలిసిపోతావు.

నీ బెన్యాట్

*

ఎల్కో

ప్రియమైన బెన్యాట్,

ఆ ఉత్తరం నువ్వే రాశావా, గొర్రెల చేత రాయించావా? ముప్పై ఏళ్ళ కాపురంలో "తొందర లేదు" అన్న మాట నీ నోట వినలేదు. పోనీలే, ఇప్పటికైనా బుద్ధొచ్చింది.

సగం మైళ్ళయ్యాయి. ఎండిపోయిన లోయ రోడ్డు మీద పోతాను, ఆపుతాను, కిందికి వంగి ఇరుసు మీద చెయ్యి పెట్టి చూస్తాను. కాలితే చల్లారేదాకా కూర్చుంటాను. నిన్న ఒకాయన బండి ఆపి "చెడిందా అమ్మా?" అని అడిగాడు. "చెడలేదయ్యా, కొత్త కోడలు. మెల్లగా కాపురం నేర్పిస్తున్నా" అన్నాను. ఆయన పోయాక స్టీరింగు మీద తల పెట్టి చీకటిపడేదాకా నిద్రపోయాను. అంత అలసటగా ఉంది నాకు.

నీ గ్రాక్సి

*

కొండ మీద నుంచి

ప్రియమైన గ్రాక్సి,

ఇక్కడ చలి మొదలైంది. ఈసారి ఎలియాస్‌తో ఊరి రొట్టెలు నాలుగు పంపు, ఏ బేకరీవైనా సరే. ట్రక్కు నిదానంగా తిప్పు.

నీ బెన్యాట్

*

ఎల్కో, సెప్టెంబరు

ప్రియమైన బెన్యాట్,

ఈ ఉత్తరం రీనో ఆస్పత్రికి పోస్టులో పంపుతున్నాను. నిన్ను కొండ దించి తెచ్చిన రోజు దారంతా నన్ను మాట్లాడనివ్వలేదు. ఇప్పుడు చదువు.

ఊరి రొట్టె అడిగావు! గుంత తవ్వి, నిప్పులు పోసి, ఇనుప కుండ పాతిపెట్టి రొట్టె కాల్చుకోనివాడు కాపరే కాదంటావే. పెళ్ళయిన కొత్తలో నేను బేకరీ రొట్టె పంపితే కుక్కకు వేశావే. అలాంటివాడు నాలుగు రొట్టెలు అడిగాడంటే ఏదో అయ్యిందనే కదా. వాకిట్లోనే ఎలియాస్‌ని నిలదీశాను.

"గుంత తవ్వుతున్నాడా లేదా?"

"నన్నడక్కండమ్మా. చెప్పనని ఒట్టేయించుకున్నాడు."

"ఎలియాస్!"

"పార ఎత్తితే గుండె పట్టుకుని కూలబడుతున్నాడమ్మా. కట్టెలు కూడా నేనే కొట్టి వస్తున్నా."

మందను ఎలియాస్ చూసుకుంటానన్నాడు, కానీ నీ గుర్రాల్ని వదిలి నువ్వు కొండ దిగవు. అందుకే వాటిని ఎక్కించడానికి ట్రైలర్ తగిలించాను. మైళ్ళు ఇంకా వందపైనే మిగిలి ఉన్నాయి. కొండ ఎక్కేటప్పుడు గేర్ల పళ్ళు ఊళ పెట్టాయి, నూనె మాడిన వాసన కొట్టింది. ఆర్నో నిన్న విప్పి చూశాడు. వెనక ఇరుసు పళ్ళు నీలంగా మాడిపోయాయి.

గేర్లు పోతే పోయాయి. నా దగ్గర దాచావు చూడు, అది మాత్రం మింగుడుపడటం లేదు. ఎందుకు దాచావు?

గ్రాక్సి

*

రీనో

ప్రియమైన గ్రాక్సి,

నర్సు దిండు ఎత్తుగా పెట్టింది కాబట్టి రాయగలుగుతున్నాను. నువ్వు కోప్పడాల్సింది ఇంకా ఉంది.

నొప్పి జూన్‌లోనే మొదలైంది. నీ మొదటి ఉత్తరంలో ఆర్నో చెప్పింది చదివి ప్రాణం కుదుటపడింది. ట్రక్కు గుర్రాల ట్రైలర్ లాగకూడదు కాబట్టి నువ్వు రావు, నువ్వు రాకపోతే నన్ను దించేవాళ్ళు లేరు. ఇదే చివరి వేసవి అని నాకు తెలుసు. మంద పక్కనే పోతే పోనీ అనుకున్నాను. నువ్వు రోడ్డు పక్కన నిద్రపోతున్నానని రాస్తే, ఇంకా నిదానం అని రాశాను. అంతటి స్వార్థం నాది.

ఆ రోజు నువ్వు కనిపించకముందే పళ్ళ అరుపు వినిపించింది. లోడుతో వస్తున్నావని తెలిసిపోయింది. ఆగమని కేకేద్దామని లేవబోయాను, కాళ్ళు లేవలేదు. అలా పడి ఉండి వింటున్నాను. ఒక మలుపులో ఆ అరుపు ఆగిపోయింది. అంత భయం నేను ఎప్పుడూ ఎరగను, గ్రాక్సీ. మళ్ళీ మొదలయ్యేదాకా ఊపిరి పీల్చలేదు. బతకాలని ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక కొండ వద్దని డాక్టరు అన్నాడు. సరేనన్నాను. ఆదివారం బస్సుకు రా.

నీ బెన్యాట్