మూడో సొరుగు

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. విన్నది నిజమే, ఈ నెలాఖరుకి నా బుల్లి చెక్క సామాన్ల కొట్టు మూసేస్తున్నాను. చెక్క, జిగురు ధరలు, గది అద్దె అన్నీ కొండెక్కి కూర్చున్నాయి. అగ్గిపెట్టెంత బీరువా కొనడానికి ఎవరైనా ఎంతని ఇస్తారు?

“సొరుగులు ఉత్తుత్తివి అతికించెయ్, సగం పని తగ్గుతుంది. లోపల ఎవరు చూస్తారు?” అని రాశావు. కొట్టులోకి వచ్చినవాళ్లు ముందు చేసే పనే గోటితో సొరుగు లాగడం. మొన్న ఒక ముసలి నర్సు లాగి చూసి, “ఇది నిజంగానే వస్తోందే” అంటూ మూసి మళ్లీ తెరిచింది. ఆ ముఖం చూశాక ఉత్తుత్తి సొరుగు ఎలా అమ్మను?

కొట్టు పోతే పోయింది. తెరుచుకోని సొరుగు మాత్రం నా చేతి నుంచి ఒక్కటీ బయటికి పోలేదు. మొండిఘటం అని వదినతో చెప్పుకో, పరవాలేదు. ఇద్దరూ కూర్చుని జాలి మాత్రం పడకండి.

నేను చేసిన ఆఖరి బీరువా ఈ ఉత్తరంతోపాటు నీకే పంపుతున్నాను. మూడో సొరుగు గోటితో మెల్లగా లాగు. నీ ఉత్తరంలోంచి “లోపల ఎవరు చూస్తారు” అన్న ముక్క కత్తిరించి, మడిచి అందులో పెట్టాను.

నువ్వే చూస్తావు.

నీ చెల్లెలు