గట్టిగా అన్న ఆమెన్

నందిగామ
12 మార్చి 1967

ప్రియమైన కృపావతి అత్తయ్యకు,

నువ్వు జగ్గయ్యపేట బస్సెక్కినప్పటినుంచీ ఇంట్లో అందరికీ నేను కమ్యూనిస్టునే. బుధవారం స్త్రీల ప్రార్థనలో నేనడిగింది ఒక్కటే. వియత్నాంలో అన్నదమ్ములు కొట్టుకుంటుంటే మధ్యలో దూరిన అమెరికా సైన్యాన్ని దేవుడు ఇంటికి పంపాలని, ఏ తల్లికీ కడుపుకోత ఉండకూడదని.

"మిషన్ బడిలో పంచిన అమెరికా పాలపొడి తాగి పెరిగి, వాళ్ళకే బుద్ధి చెప్తావటే? వాళ్ళు వెళ్ళకపోతే ఆ దేశాన్ని ఎర్రజెండా వాళ్ళు మింగెయ్యరూ?" అని నాన్న ఇంకా అరుస్తూనే ఉన్నాడు. ఆ పాలు తాగిన విశ్వాసం నాకూ ఉంది. అందుకే ఆ అమెరికా కుర్రాళ్ళు ప్రాణాలతో ఇంటికి చేరాలనుకున్నా.

నా ప్రార్థన అయ్యాక ఒక్కరూ ఆమెన్ అనలేదు. చాప చివర కూర్చున్న నువ్వే గట్టిగా అన్నావు. పాకిస్తాన్ యుద్ధంలో సొలొమోను బావ సరిహద్దున ఉన్నన్నాళ్ళూ నువ్వు కొడుకు ఉత్తరం తెచ్చే పోస్టుమేను కోసం గుమ్మంలోనే కూర్చుని అన్నం తినేదానివి. ఆ ఆమెన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. దానికి నీకెన్ని వందనాలు చెప్పినా తనివి తీరదు.

సంఘం ముందు తప్పు ఒప్పుకుంటేనే మిషన్ బడిలో టీచరు ఉద్యోగానికి సిఫారసు చేస్తానని పాస్టరుగారు కబురు పంపారు. "ఒక్క మాటేగా, అనేసెయ్యవే" అంటోంది అమ్మ.

నేను ఒప్పుకోవడం లేదు. వచ్చే బుధవారం ప్రార్థన మనింట్లోనే. మళ్ళీ అదే అడుగుతా.

నీ మేనకోడలు