పూర్తి హాజరు పత్రం

మంగళవారం
బడి నర్సు కురొసావా గారికి,
మంచు ఇంకా మా పైకప్పు దిగలేదు. మీరు కులాసా అనుకుంటాను. జ్వరమంటూ నిన్న మా మనవరాలు చిహయను మధ్యాహ్నమే ఇంటికి పంపారు. ఒళ్లు వెచ్చబడితే బడి మానేసే వంశం కాదు మాది. ఆరేళ్లలో చిహయ ఒక్క రోజు మానలేదు. మార్చిలో చదువు ముగిసేనాడు పూర్తి హాజరు పత్రం అందుకోవాలి. అందుకే ఇవాళ మళ్లీ పంపుతున్నాను.
ఇట్లు, షిబుతా కనెజో, విశ్రాంత రైల్వే ఉద్యోగి
తా.క.: నిన్న బడిలో సైన్సు మాస్టారి నెత్తిన పిల్లి కూర్చుందని చిహయ అన్నదట. వ్యాసరచనలో దానికెప్పుడూ మంచి మార్కులే.

మంగళవారం సాయంత్రం
షిబుతా తాతగారికి నమస్కారాలు.
మీ వంశప్రతిష్ఠ ఇవాళ ముప్పై తొమ్మిదిన్నర సెల్సియస్ డిగ్రీలుంది. లేని పిల్లి కనబడటం వ్యాసరచన కాదు. ఇది ఫ్లూలా ఉంది, పిల్లల్లో అది మెదడుకు ఎక్కవచ్చు. చిహయను మళ్లీ ఇంటికి పంపాను, వెంటనే డాక్టరుకు చూపించండి. రెండు రోజులు పిల్లను ఒంటరిగా వదలకండి. మేడ కిటికీలకు గడియ వేయండి. ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా అంబులెన్సును పిలవండి.
ఇట్లు, కురొసావా
తా.క.: రోజూ కొలిచి రాయాల్సిన జ్వరం కార్డులో నెలాఖరు దాకా ముప్పై ఆరున్నర అని ఇప్పుడే నింపేశారు. జోస్యం కూడా రైల్వేలోనే నేర్పారా?

బుధవారం
కురొసావా గారికి,
మా పిల్లేమన్నా దొంగా, గడియలు వేయడానికి? డాక్టరు జబ్బు పేరు కాగితం మీద పెడితే పత్రం పోతుంది. దాన్ని ఇంకో పిల్లకు ఇప్పించాలన్న మీ ఎత్తు నాకు తెలియదా? ఊరవేసిన ప్లమ్ పండుతో గంజి పోశాను, చాలు. పొద్దున్నే బడికి ఆలస్యమైందంటూ సంచీ తగిలించుకుని మేడ కిటికీ ఎక్కింది. చదువంటే అంత శ్రద్ధ మీ బడిలో ఇంకెవరికుంది?
ఇట్లు, షిబుతా
తా.క.: సంచీ పట్టుకుని లోపలికి లాగితే "ఎవరండీ మీరు?" అంది. ఆ మర్యాద నేర్పింది నేనే.

బుధవారం, వెంటనే
తాతగారూ,
మీరు ఫోను ఎత్తరు కనుక ఈ చీటీ మా గుమాస్తాతో పరుగున పంపుతున్నాను. అంబులెన్సుకు చెప్పేశాను. సొంత తాతను ఎవరని అడగడం మర్యాద కాదు, మెదడుకు ముప్పు. నోరు మూసుకుని ఎక్కండి.
కురొసావా
తా.క.: ఫ్లూ వచ్చిన పిల్లల్ని బడే రావద్దంటుంది. ఆ రోజులు గైర్హాజరు కింద రాయం. ఏటా ఇంటికి కాగితం పంపుతాం. దాన్ని దేనికి వాడారు?

ఆసుపత్రి నుంచి, ఆదివారం
కురొసావా గారికి చేతులెత్తి మొక్కి రాస్తున్నాను.
మూడు రోజులు చిహయ నన్ను గుర్తుపట్టలేదు. నిన్న కళ్లు తెరిచి "తాతయ్యా" అంది. జ్ఞాపకం పోయిందేమో చూడాలని డాక్టరు దాన్ని పాత సంగతేదైనా చెప్పమన్నాడు. మూడో తరగతిలో జూన్ పదకొండున బడి ఎగ్గొట్టి ఏట్లో చేపలు పట్టిందట. కడుపునొప్పని చీటీ తనే రాసి, సంతకానికి బదులు వేసే నా పేరు ముద్ర తనే వేసిందట. అంటే నేను ఎప్పుడో పోయిన పత్రానికి కాపలా కాస్తూ, ఎదురుగా ఉన్న పిల్లను పోగొట్టుకోబోయాను. నాలాంటి మూర్ఖుడు ఈ జిల్లాలో ఉండడు.
ఇది నిజంగా జరిగిందా, జ్వరంలో కల్పించిందా అని డాక్టరు అడుగుతున్నాడు. దయచేసి హాజరు పట్టీ చూసి చెప్పండి.
మీ షిబుతా
తా.క.: ఆ రోజు దానికి గైర్హాజరు పడి ఉండాలని గుడికి వెళ్లి మొక్కుకుని వచ్చాను.