బంతికి అంటిన నీలం

అన్నయ్యా,

నువ్వు పోయి మొన్నటికి ఏడాది. కొట్టుకీ ఇంటికీ తప్ప ఎక్కడికీ కదలడం లేదని నీ కూతురు ఇవాళ నన్ను పటమటలో సినిమాకి తీసుకెళ్లింది. ఎవరూ లెక్కచేయని ఒక పల్లెటూరి వాలీబాల్ జట్టు ఆఖరి పాయింటుతో కప్పు గెలిచే కథ. హాలంతా లేచి ఈలలు వేసింది.

"లే బాబాయ్, గెలిచారు," అంది.

"మోకాళ్లు పట్టేశాయమ్మా," అన్నాను.

నాకు మన చల్లపల్లి ఫైనల్ గుర్తొచ్చింది. అవతలివాడు కొట్టిన బంతి ఎవరికీ తగలకుండా బయట పడిందని రిఫరీ మనకే ఆఖరి పాయింటిచ్చాడు. మన నేతగాళ్ల జట్టు గెలిచేసింది. నువ్వు వెళ్లి ఆ బంతి తెచ్చి ఆయనకు చూపించావు. నూలుకి రంగు వేసే నీ వేళ్ల నీలం చెమటకి దానిమీద అప్పుడే తడిగా అంటుకుని ఉంది.

"నా చెయ్యి తగిలిందండీ," అన్నావు.

ఆ తర్వాత ఓడిపోయాం. తుడిచేస్తే ఎవడు చూసేవాడని నీతో నెల్లాళ్లు మాట్లాడలేదు.

సినిమాలో ఒక్కడి చేతికీ రంగు లేదు. మగ్గం మానేసి బట్టల కొట్లో చేరాక నా చేతులకీ లేదు. అయినా ఇంటికొచ్చి, అన్నానికి కూర్చోబోయే ముందు చాలాసేపు కడుక్కున్నాను.